జాన్ సార్ వెనకాల మనిషి

"సార్, మీ నోరు కదలకుండ మాట ఎట్ల వస్తాంది?"

ఇంగ్లిష్ టీచర్ల ఆన్‌లైన్ ట్రైనింగ్‌లో కీర్తన జాన్‌ను అడిగిన మొదటి మాట ఇదే. కీర్తన నెల్లికుదురు హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్. జాన్ గంగారం అడవిలోని ఆశ్రమ పాఠశాలలో అదే పని చేస్తాడు. రోజూ బడి వదిలాక ట్రైనింగ్ ఉండేది. పెద్ద క్లాసు అవగానే ఇద్దరిద్దరిని విడిగా ఒక ఆన్‌లైన్ గదిలోకి పంపి, ఇంగ్లిష్‌లో మాట్లాడుకోమనేవాళ్లు. కీర్తనకు జతగా జాన్ వచ్చాడు.

"గంగారం నెట్‌వర్క్ మేడం. మాట ముందొస్తది, మొహం నిదానంగ వస్తది," అన్నాడు జాన్. తెర మీద అతని పెదవులు అప్పుడూ కదల్లేదు. నీలం చొక్కాలో బుద్ధిగా తలూపుతూ ఆమెనే చూస్తున్నాడు.

కీర్తనకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. మాట్లాడే సాధన కోసం ఆమె కూరగాయలమ్మే మనిషిగా, అతను బేరమాడే మనిషిగా నటించేవాళ్లు. టమాటాల దగ్గర మొదలైన బేరం ఎక్కడికో పోయేది. వానలు పట్టేనాటికి కీర్తన ట్రైనింగ్‌కు ముందు మొహం కడుక్కుని తల దువ్వుకుంటోంది. ఇదేం పిచ్చి అని తనను తానే తిట్టుకుని, మళ్లీ అద్దం దగ్గరికే వెళ్లేది.

ఒక్కటే ఆమెను భయపెట్టేది. జాన్ మాటల వెనక జోరున వాన చప్పుడు వినబడేది. తెర మీద అతని కిటికీలో మాత్రం ఎండ కాసేది. రోజూ అదే ఎండ, అదే చొక్కా. కాసేపటికి పసుపు చీర కట్టిన, జాన్‌కు తల్లిలా ఉన్న ఒకామె గుమ్మంలోంచి వచ్చి, టీ గ్లాసు కిటికీలో పెట్టి, జాన్ భుజం మీదుగా తెరలోకి చూసి వెళ్లేది. ఆ చూపు సరిగ్గా కీర్తన మీదే ఆగేది. ఇందులో ఏదో తేడా ఉందని కీర్తనకు తెలుసు. అడిగితే జాన్ మాట్లాడడం మానేస్తాడేమోనని అడగలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "సార్, మీ అవ్వ టీ పెట్టి పోయింది. సల్లారుతాంది, తాగండి."

"ఆమె మీకు కనబడుతాందా?" అన్నాడు జాన్. ఆ గొంతు అతనిదిలా లేదు. మాట తెగిపోయింది. తెర మీద జాన్ మాత్రం తలూపుతూనే ఉన్నాడు.

స్టాఫ్‌రూమ్‌లో అటుగా వచ్చిన తోటి టీచర్ శోభారాణి తెర చూసి ఆగిపోయింది. ఆమె అంతకు ముందు గంగారంలో పనిచేసింది.

"గీమె యాకమ్మ గదా. పోయినేడు వానకాలంల సచ్చిపోయింది పిల్లా. మట్టి చేసేటప్పుడు నేను గూడ పోయిన."

కీర్తన తెర మీది జాన్‌ను చూపించింది. మరి ఈ కొడుకు ఉన్నాడా అని అడిగింది. ఆ వెంటనే బదిలీ మీద వచ్చేశానని, అతని సంగతి తెలియదని శోభారాణి చెప్పింది.

జనగామ నుంచి వచ్చిన పెళ్లి సంబంధానికి ఆదివారంలోగా జవాబు చెప్పాలని నాయిన గట్టిగా చెప్పి ఉన్నాడు. కాదనాలంటే జాన్ అనే మనిషి ఉండాలి. ఉన్నాడో లేడో తెలియని వాడి కోసం నాయినతో ఏమని కొట్లాడాలి? రెండో శనివారం సెలవు. కీర్తన గంగారం బస్సెక్కింది.

అడవిలోకి వచ్చేసరికి పట్టపగలే చీకటి కమ్మింది. వానకు పిల్లలంతా గదుల్లోనే ఉన్నారేమో, బడి ఆవరణలో అలికిడి లేదు. వాటర్ ట్యాంకు మెట్ల మీద, గొడుగు కింద, చెవికి ఫోన్ పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెర మీది జాన్ కంటే బక్కగా, గడ్డంతో ఉన్నాడు.

"జాన్ సారేనా?" అని అడిగింది. ఆ గొంతు వినగానే అతను ఫోన్ దించి, "కీర్తన మేడం," అన్నాడు.

పెదవులూ మాటా కలిసే వచ్చాయి. కీర్తన తడి మెట్టు మీదే కూలబడి ఏడ్చేసింది.

జాన్ అంతా చెప్పాడు. కెమెరా పెట్టకపోతే హాజరు పడదు. ఇక్కడ వీడియో అందదు. అందుకని పోయినేడు ఇలాంటి ట్రైనింగ్ కోసమే ఇంట్లో కూర్చుని తలూపుతూ వీడియో తీసుకున్నాడు. అది మానుకోట టౌన్‌లో స్నేహితుడి కంప్యూటర్ మీద ఆడుతుంది. తను సిగ్నల్ అందే ఈ మెట్లెక్కి, ఆ కంప్యూటర్‌కు ఫోన్ కలిపి మాట్లాడతాడు. వీడియో తీస్తున్నప్పుడే అవ్వ టీ తెచ్చింది. నెల తిరక్కుండానే పోయింది.

"వేరేది తీస్కొమ్మన్నడు మా దోస్తు. తీస్కోలే. ఆమె నడిచే వీడియో నా దగ్గర గదొక్కటే ఉన్నది. గంతమందిల ఆమె మాట ఎత్తింది మీరొక్కరే. మీరంటే ఇష్టమని చెప్పాలంటే నా అసలు మొహం సూపెట్టాలె. గదే చాతకాలే."

"దయ్యాన్ని ఇష్టపడ్డనేమో అని రాత్రంత నిద్రపోలే," అంది కీర్తన, కళ్లు తుడుచుకుంటూ.

ఆ మెట్ల మీది నుంచే నాయినకు ఫోన్ చేసింది. జనగామ వాళ్లకు వద్దని చెప్పమంది. గంగారంలో ఒక సార్ ఉన్నాడని చెప్పింది. నాయిన, ఆ పిల్లగాని తరఫున నిన్ను చూసిన పెద్దోళ్లు ఎవరున్నారని అడిగాడు.

కీర్తన జాన్ వైపు చూసింది.

"వాళ్ల అవ్వ ఇప్పుడు లేదు నాయినా. కానీ నన్ను చూసింది."