జేబులో నీలం లైటు

జూన్ ఎండలో, ఏసీ వేసి ఉన్న వ్యాన్‌లో, కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరుస్తూ వస్తున్న అమ్మాయిని అద్దంలో చూసి జాన్‌బాబు నోరు వెళ్ళబెట్టాడు.

"ఏంటండి సిస్టర్! బయట ఎండ చూశారా? రోడ్డు మీద చేపలేస్తే వేగిపోతాయి."

"లోపల వాసన చూశారా మీరు? మనుషులెక్కే బండేనా ఇది?"

"సిగరెట్ బయటే తాగానండి బాబూ."

"తాగి లోపలికొచ్చారుగా!"

వెనక సీట్లలోని మలయాళీ నర్సులకు తెలుగు రాకపోయినా విషయం అర్థమైంది. కిసుక్కున నవ్వారు. "యల్లా, చలో భయ్యా, డ్యూటీ లేట్" అంది ఒకామె. జాన్‌బాబు మూతి ముడుచుకుని బండి తీశాడు.

ఖైతాన్‌లోని నర్సుల ఫ్లాట్ల నుంచి జాబ్రియాలోని క్లినిక్‌కి వాళ్ళను దింపడం, సాయంత్రం మళ్ళీ తీసుకురావడం అతని ఉద్యోగం. అతనిది రాజోలు. ఆ రోజే పనిలో చేరిన జాయ్సీది నరసాపురం. మధ్యలో గోదావరి పాయ ఒక్కటే అడ్డం. రేవు దాటితే అయిపోయే దూరంలో ఇరవై ఏళ్ళపైన బతికి, చూసుకోవడానికి మాత్రం కువైట్ దాకా రావాల్సి వచ్చింది.

ఎండాకాలం పోయేసరికి ఆమె డ్రైవర్ వెనక సీటులో స్థిరపడింది. సీటు అదే, దెబ్బలాట అదే. కాకపోతే ఆమె సెలవు పెట్టిన రోజు జాన్‌బాబుకు అద్దంలోకి చూడబుద్ధయ్యేది కాదు. 'సిస్టర్' పోయి 'జాయ్సీ గారూ' ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. ఆమెకు తెలుసు.

నవంబరులో ఓ సాయంత్రం వాన పడింది. కువైట్‌లో వానంటే పెళ్ళి సందడి, వంతెన కింద నీళ్ళు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయి. వెనకవాళ్ళు కిటికీల్లోంచి ఫోన్లు చాపి వీడియోలు తీసుకుంటున్నారు.

"జాయ్సీ గారూ, మా వాళ్ళ చేత మీ అమ్మగారికి ఫోన్ చేయించనా?"

ఆమె ఎందుకని అడగలేదు. కాసేపు వైపర్ల వంక చూసింది.

"సిగరెట్ తాగే మనిషిని మా అమ్మ గుమ్మం ఎక్కనివ్వదండి. మా నాన్న పోయింది దాంతోనే. ముందు మానండి."

"మానేస్తే?"

"మానేశాక అడగండి."

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది గానీ చెవులు ఎర్రబడటం అద్దంలో కనిపించింది. జాన్‌బాబుకు ఆ వాన జన్మలో ఆగకపోయినా బాగుండుననిపించింది.

మానడమంటే మాటలా? రెండు రోజులు బిగబట్టాడు, మూడో రోజు పార్కింగ్ వాడితో ఉత్తపుణ్యానికి పోట్లాడాడు. అతని అవస్థ చూసి రూమ్మేట్ ఖలందర్ జాలిపడ్డాడు. ఖలందర్‌ది రాయచోటి, మిష్రిఫ్‌లో ఓ ఇంట్లో డ్రైవరు.

"ఈ కరెంటు సిగరెట్ ఒగటి కొనుక్కోప్పా. మా యజమాని బాబా దీన్ని పట్టుకున్యాకనే అసలుది ఇడిసిపెట్టినాడు."

అప్పట్లో అదో కొత్త వింత. పెన్నులా ఉంటుంది. బొత్తాం నొక్కితే కొసన నీలం లైటు వెలుగుతుంది, పీలిస్తే మామిడిపండు వాసనతో ఆవిరి. జాన్‌బాబు మురిసిపోయాడు. వ్యాన్‌లో ఇదివరకు తాగడానికి వీల్లేదు కదా, ఇప్పుడు బండి ఖాళీగా ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే ఓ దమ్ము. ఇక ఖలందర్‌తో టీ తాగేటప్పుడు చేతిలో మామూలు సిగరెట్ లేకపోతే మర్యాదగా ఉండదని అదొకటి. వెరసి పొగ తగ్గలేదు, మామిడిపండు అదనం. అయినా వాసన పోయింది కాబట్టి మానేసినట్టేనని అతని లెక్క.

ఆ ధీమాతోనే శుక్రవారం తెలుగు ఆరాధనలో, పాస్టరుగారు "సాక్ష్యాలున్నవాళ్ళు చెప్పండి" అనగానే లేచాడు. బ్రదర్స్ ఒక పక్క, సిస్టర్స్ ఒక పక్క, హాలు నిండా జనం.

"అందరికీ వందనాలండి. ప్రభువు నన్ను సిగరెట్ నుంచి విడిపించాడండి!" అంటూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

తెల్లచొక్కా జేబులోంచి నీలం లైటు వెలిగింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోనేమో అనుకున్నారు. జాన్‌బాబుకు ఉత్సాహం వచ్చి "ఈ గుండె సాక్షిగా!" అని ఇంకోసారి బాదుకున్నాడు. ఇంకోసారి వెలిగింది. సిస్టర్స్ వరసలో జాయ్సీ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు ఆమె చివరి సీట్లో కూర్చుంది. అద్దంలో చున్నీ కూడా కనపడలేదు. సాయంత్రం అందరికన్నా ముందొచ్చి వ్యాన్ పక్కన నిలబడింది.

"చూపించండి, జేబులోది."

ఇచ్చాడు. "ఇది సిగరెట్ కాదండి. మానడానికే కొన్నాను."

"మానారా?"

అతను నేల చూపులు చూశాడు. "టీకి ఒకటో రెండో..."

"దీంతో మానినవాళ్ళు ఉన్నారండి. పనికొస్తుందా లేదా అని మా డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారు. కొన్నారని నాకు కోపం లేదు. అదీ ఇదీ రెండూ తాగితే మటుకు మీ ఊపిరితిత్తులకు ఒరిగేదేం లేదు. మానాలంటే ముందు సిగరెట్ పూర్తిగా మానాలి, ఆ తర్వాత దీన్నీ తగ్గించుకోవాలి."

"మరి ఇంత కోపం దేనికండి?"

"సాక్ష్యం ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని? మా నాన్నా చెప్పాడు. చర్చిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంక తాగుతున్నానని చెప్పుకోలేక మోటారు షెడ్డులో దాక్కుని తాగాడు. మాకు తెలిసేసరికి అంతా అయిపోయింది."

జాన్‌బాబుకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె ఆ పెన్నును తిరిగి అతని చేతిలో పెట్టింది. "రోజూ పొద్దున నాకు ఒక్కదానికే చెప్పండి. నిజం చెప్పండి. తిట్టను."

అలా మొదలైంది. వ్యాన్ ఎక్కుతూనే "నిన్న?" అనేది. "రెండండి" అనేవాడు. "సరే" అని కూర్చునేది. తిట్టి ఉంటే అబద్ధం చెప్పేవాడేమో, ఆ 'సరే'ని మాత్రం తట్టుకోలేకపోయేవాడు. టీ ఖలందర్‌తో మానేసి ఒక్కడే తాగడం మొదలుపెట్టాడు. ఓ పొద్దున "ఏమీ లేదండి" అన్నాడు. ఆమె నమ్మక, ముందుకు వంగి అతని చొక్కా కాలరు వాసన చూసింది. మలయాళీ నర్సులు గోలగోలగా చప్పట్లు కొట్టారు. జాన్‌బాబు గ్రీన్ సిగ్నల్ పడ్డా బండి తీయడం మర్చిపోయాడు.

మళ్ళీ ఎండలు ముదిరేసరికి ఆ పెన్ను కూడా డాష్‌బోర్డు అరలో చేరి దుమ్ము పట్టింది. అప్పుడు జాయ్సీ ఫోన్ కలిపి అతనికిచ్చింది. "అమ్మ."

"వందనాలండి అత్తయ్యగారూ" అన్నాడు తడబడి.

ఆవిడ ఆ 'అత్తయ్య' పిలుపును పట్టించుకోలేదు. "సిగరెట్ తాగుతావా బాబూ?"

ఒక్క 'లేదండి' చాలు, పెళ్ళి కుదురుతుంది. జాయ్సీ గుడ్లప్పగించి చూస్తోంది.

"తాగేవాణ్ణండి. మానేశాను. పోయిన వారం మా ఊరి ఫ్రెండొస్తే మళ్ళీ ఒకటి తాగానండి. మర్నాడే జాయ్సీ గారికి చెప్పేశాను."

లైను కట్టయిందేమోనని ఫోన్ చూసుకున్నాడు.

"మా ఆయన ఎప్పుడడిగినా మానేశాననే చెప్పేవాడు బాబూ" అందావిడ. "మీ వాళ్ళ చేత ఫోన్ చేయించు. చర్చిలో మాత్రం సాక్ష్యం చెప్పకు. ఏదున్నా మా అమ్మాయికే చెప్పు."