గ్రంథాలయంలో ఉత్తరపు గోడ

పాత గ్రంథాలయంలో ఉత్తరపు గోడకి మంచి పేరు లేదు. చీకటి పడితే అది మూలుగుతుందంటారు. దెయ్యాలంటే లెక్కే లేదనే మా వీధి వీరులు కూడా ఆ పక్కకి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు ఆగి, రెండు సందులు చుట్టి ఇల్లు చేరతారు.

ఆ మూలుగు మొదలైంది సున్నం తాత పోయాకే.

నలభై ఏళ్లు ఆ గోడని కనిపెట్టుకుని ఉన్న మేస్త్రీ ఆయన. సున్నపు గోడకి గాలాడాలి, సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుందని మొత్తుకున్నాడు. కంట్రాక్టరు వింటేగా... ఊరందరికీ సిమెంటు బావ అతను. పెళ్లాం అలిగినా సిమెంటు పూసి సర్దేస్తాడని పేరు. పూశాడు. ఏడాది తిరక్కుండా పుస్తకాలకి బూజు పట్టింది. తప్పంతా తాత చేసిన పాత పనిదేనని నలుగురిలో తిట్టి, ఆయన్ని గెంటించాడు. తాత ఆ మాటతో మంచం పట్టి, మళ్లీ లేవలేదు.

మొన్న ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఆ గోడకి పల్చటి ప్లాస్టిక్ కాగితం టేపుతో అంటించింది. లోపలివైపు బొట్లు పడితే నీళ్లు గోడలోవి, తప్పు సిమెంటుది. బయటివైపు పడితే గదిలో గాలిది, జనం ఊపిరిది, తప్పు ఎవరిదీ కాదు. అలా చెప్పి, గది మూయించి, తాళంచెవి తనతో పట్టుకెళ్లింది. తప్పు తేలిందా, పాత కట్టడాల పని బావకి ఈ జన్మలో దొరకదు.

రెండో రాత్రి బావ కిటికీలోంచి దూరాడు. దాని గడియ పడదని అతనికి తెలుసు — బిగించింది తనేగా.

లోపలి బొట్లు తుడిచెయ్యాలి. బయట నోటితో ఆవిరి ఊదాలి. అంతే పని.

టార్చి వేసి, కాగితం ఒక మూల ఎత్తి, వేలు పెట్టి చూశాడు.

లోపల... పొడిగా ఉంది. బొట్లన్నీ బయటివైపే.

బావకి గంతెయ్యాలనిపించింది. తప్పు తనది కాదు. ఇదంతా జనం ఊపిరి —

ఏ జనం?

రెండు రోజులుగా తాళం వేసిన గది.

బొట్లు కాగితమంతా లేవు. ఒక్కచోటే, అరచేయంత. నడుం వంగిన ముసలాయన నోరు ఎంత ఎత్తులో ఉంటుందో, సరిగ్గా అంత ఎత్తులో. చూస్తుండగానే ఆవిరి తగ్గింది... మళ్లీ కమ్మింది. తగ్గింది... కమ్మింది.

చెవి పక్కనే, చల్లగా —

"చెప్తావా?"

కిటికీలోంచి ఎలా బయటపడ్డాడో బావకే తెలీదు.

తెల్లారి గ్రంథాలయం ముందు జనం చేరారు. బావ ముఖం చూసి, రాత్రి ఇంట్లో మళ్లీ అలకేమో అనుకున్నారు. తాత భార్య వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఇంజనీరమ్మ వచ్చి తాళం తియ్యకముందే బావ చేతులు జోడించాడు. నీళ్లు గోడలోనే ఉన్నాయని, తాత వద్దన్నా సిమెంటు పూసింది తనేనని, తాత పనిలో వంక లేదని ఎవరూ అడక్కుండానే గడగడా అప్పజెప్పాడు. గదిలో ఎవరో ఊపిరి తీస్తున్నారని చెప్పడం కంటే అదే తేలికనిపించింది.

ఇంజనీరమ్మ అంతా రాసుకుని సంతకం పెట్టించుకుంది. తర్వాత లోపలికెళ్లి కాగితం ఊడదీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండువైపులా పొడే. మీరు నోరు విప్పకపోతే ఇవాళ మిమ్మల్ని వదిలేసేదాన్ని, కంట్రాక్టరుగారూ."

బావ అక్కడే కూలబడ్డాడు. ఆవిడ సిమెంటు చెక్కడానికి కూలీలని పిలవబోయింది.

"కూలీలెందుకమ్మా," అంది తాత భార్య, మెట్టు మీంచి లేవకుండానే. "ఇతనే చెక్కుతాడట. రాత్రి ఆయన వచ్చి చెప్పారు."