తప్పు చెప్పే తీరు

"ఇగ కోడింగే బంద్ జేస్తున్న."

శామీర్‌పేట బస్టాపులో చున్నీ కొసతో వాన తుడుచుకుంటూ అంది అశ్రిత. ఫిన్నీ నవ్వబోయి ఆగాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆరు నెలలుగా ఇద్దరూ ఒకే బస్సులో మేడ్చల్‌కి వెళ్తున్నారు. మనసులో మాట చెప్పాలని ఫిన్నీ రోజూ అనుకుంటాడు, రోజూ దిగిపోతాడు.

"ఏమైంది?"

"బస్సుల టైమింగ్స్ చూపెట్టే యాప్ ఒకటుంది. ఎవలైనా కోడ్ రాసి పంపొచ్చు. ఫస్ట్ టైం పంపిన. ఒకడు అందరి ముందట ఏం రాసిండో తెల్సా? 'తలకాయ ఇంట్ల వెట్టి రాసినవా? నేర్చుకున్నంక రా' అని."

ఆ యాప్‌కి వచ్చే కోడ్ సరిచూసేవాళ్లలో ఫిన్నీ ఒకడు. ఆ మాటలు అతనివే. ఆ యాప్ గ్రూపులో అందరివీ మారుపేర్లే కనుక ఆమెకి తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు.

ఆ రోజూ చెప్పకుండానే మేడ్చల్‌లో దిగిపోయాడు.

ఆఫీసులో ఆమె కోడ్ మళ్లీ తెరిచాడు. ఈసారి నిదానంగా చదివాడు. ఆదివారం బస్సుల టైమింగ్స్ వేరని తను మరిచిపోయి తిట్టాడు, ఆమె మరవలేదు! తిట్టిన చోటే, అందరూ చూసేలా రాశాడు: "నేనన్న మాట తప్పు. ఈ కోడ్ మంచిగుంది. మన్నించండి. నా అసలు పేరు ఫిన్నీ, మాది తూంకుంట."

మర్నాడు అశ్రిత దూరంగా నిలబడింది. బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు.

"నిన్న బస్సులనే ఎందుకు చెప్పలే?"

"నువ్వు మాట్లాడుడు బంద్ జేస్తవని భయమైంది."

"ఇప్పుడు భయం లేదా?"

"మస్తుంది. గానీ నా మాటతోని నువ్వు కోడింగ్ ఇడిసిపెడితే ఎట్ల? అశ్రితా, నువ్వంటే నాకిష్టం. ఇది చెప్పే టైం కాదు, తెల్సు."

ఆమె బ్యాగులోంచి ల్యాప్‌టాప్ బయటికి తీసింది.

"నా కోడ్ల రెండో లైన్ల నేను నిజంగనే తప్పు రాసిన. నువ్వది చూసినవ్. చూసి దాచినవ్, అవునా?"

అతను తలదించుకున్నాడు. "మళ్ల బాధపడ్తవని."

"జాలి వద్దు నాకు. తప్పుంటే తప్పని చెప్పు. మనిషిని అనకు, అంతే."

ఆమె బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. అతను పక్కన కూర్చుని, ఆ లైన్ ఎందుకు తప్పో మెల్లగా చెప్పాడు. ఆమె రెండుసార్లు ఎదురు వాదించింది. ఒకసారి గెలిచింది.

"మరి... ఇష్టమన్న మాట?"

అశ్రిత తెర మీంచి కళ్లెత్తలేదు. చెంపలు మాత్రం ఎరుపెక్కాయి.

"అండ్ల నాకు తప్పేం కనవడలే."