నిమ్మకాయలు దాటిన ఎర్ర ఆల్ఫా

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, దసరానాడు, విస్తరి ముందు కూర్చున్న డిటెక్టివ్ సుధాకర్‌ను కొండవ్వ ఏడుపు లేపేసింది.

"సారూ, నీ కాల్మొక్త! మా ఎల్లయ్యను పోలీసు అమీను పట్కపోతుండు. కారుతోని మనిషిని సంపబోయిండంటున్నరు!"

సుధాకర్ హైదరాబాదులో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. పండక్కి సొంతూరు సిద్దిపేట వచ్చాడు. వెంట సహాయకుడు దత్తాత్రి ఉన్నాడు. బడిలో డ్రాయింగు చెప్పి మానేసిన పెద్దమనిషి. సుధాకర్ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని ఆయన నమ్మకం. వేడి గారెలు వదిలి లేవాల్సి వచ్చినందుకు మాత్రం ఆయన ప్రాణం ఉసూరుమంది.

దారిలో కొండవ్వ సంగతంతా చెప్పింది. ఆమె మొగుడు ఎల్లయ్య, బట్టల వ్యాపారి భార్య రాధాబాయి దగ్గర డ్రైవరు. ఆ వ్యాపారి, అంటే పెద్ద సేటు, పోయి రెండేళ్లయింది. పొద్దున ఆయుధపూజలో రాధాబాయి కారుకు, లోపలి పెడళ్లకు కూడా పసుపు కుంకుమ బొట్లు పెట్టింది, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచింది. ఎల్లయ్య ఇంజను వేడెక్కాలని నడుస్తుండగానే వదిలి, కాళ్లు కడుక్కోవడానికి వెనక బావికి పోయాడు. ఇంతలో కారు వాకిట్లో దూసుకుపోయి ముసలి కావలివాడు కిష్టయ్యను గోడకేసి కొట్టింది. కిష్టయ్య దవాఖానలో తెలివి లేకుండా ఉన్నాడు. అందరూ పరుగెత్తి వచ్చేసరికి కారు పక్కన, ఒళ్లంతా నెత్తురుతో, ఎల్లయ్య ఉన్నాడు.

"వాళ్లిద్దరికి ఎన్నడన్న కొట్లాట అయ్యిందా?" అడిగాడు సుధాకర్.

కొండవ్వ తల వంచుకుంది. "నిన్న కిష్టయ్య తడి ధోతి కారు మీద ఆరేసిండు సారూ. మల్ల ముట్టుకుంటే సంపుత అన్నడు మావోడు. గల్లీ అంత ఇన్నది."

వాకిట్లోకి అడుగుపెట్టగానే దత్తాత్రి గారెల మాట మరిచిపోయాడు. గోడకు ముక్కు ఆనించి నిలబడ్డ ఆ ఎర్ర ఇటలీ కారు ఆల్ఫా రోమియోను చూస్తే, దెబ్బ తిన్నా సరే, చేతులు జోడించాలనిపించింది. అంత పొడుగు బానెట్టు, తీగెల చక్రాలు, మనిషి కూర్చోవడానికి మిగిలింది జానెడు జాగా. జీవితమంతా గీతలు గీసినవాడు గనక ఆయనకు తెలిసింది, ఆ ఒంటి మీద ఒక్క గీత కూడా వృథాగా లేదని.

పోలీసు జవాన్ల మధ్య నిలబెట్టిన ఎల్లయ్య ఆ చూపు పసిగట్టాడు. బేడీలు పడబోతున్న మనిషి, అయినా కారు మాట వచ్చేసరికి మొహం వెలిగింది.

"ఇటలీల గిసుంటి బండ్లే బ్రెషియా నుంచి రోముకు పోయి మల్ల మర్లొచ్చినయి సారూ. వెయ్యి మైళ్లు! ఊర్ల నడుమ నుంచి, కొండల మీద నుంచి. వాళ్ల నమ్మకాలు కూడ మన లెక్కనే. ఒక డ్రైవరు బండి మీద నాలుగాకుల గుర్తు ఏసుకొని పందెం గెలిచిండట. ఆ గుర్తు ఎయ్యని బండి ఎక్కిన దినం సచ్చిపోయిండట. పెద్ద సేటు చెప్పిండు."

"నీకు నడుపుడు ఆయననే నేర్పిండా?" అడిగాడు సుధాకర్.

"నెల దినాలు నేర్పిండు. లారీ నడిపిన కాళ్లకు ఇది అలవాటు కావాలె గద. చెప్పులతోని ఎన్నడు ఎక్కలేదు సారూ నేను."

అప్పుడు అరుగు మెట్లు టకటకలాడాయి. అడుగున ఇనుప నాడాలు కొట్టిన బూట్లతో దిగి వచ్చినవాడు రాధాబాయి మరిది రామేశ్వర్. "నేను మేడ మీద నుంచి కండ్లార చూసిన. గీ ఎల్లయ్యనే తోలిండు. పన్నెండేండ్ల సంది ఫోర్డు లారీ తోలుతున్న, నాకు తెల్వదా?"

అమీను తల ఊపాడు. "బ్రేకు కొట్టిన జాడనే లేదు. గోడ దాంక వేగం పెంచుకుంటనే పోయిండు. సంపాలని గాకపోతే ఎందుకు?"

సుధాకర్ కారులోకి వంగి చూశాడు. "దత్తాత్రి గారూ, కింద మూడు పెడళ్లున్నయి. ఉన్నదున్నట్టు గీయండి. చేతి బ్రేకు కూడ."

దత్తాత్రి గీశాడు. ఎడమ పెడలు, నడిమి పెడలు బొట్లు చెరిగి, వాటి మీద సన్నని గీరలు పడ్డాయి. కుడి పెడలు బొట్టు మాత్రం రాధాబాయి పెట్టింది పెట్టినట్టే ఉంది. చేతి బ్రేకు చివరిదాకా లాగి ఉంది.

సుధాకర్ అందరినీ కారు చుట్టూ నిలబెట్టాడు.

"అమీను సాబ్, సంపాలనుకున్నోడు చేతి బ్రేకు ఇంత బలంగ గుంజుతడా? తోలినోడు బండిని ఆపాలనే చూసిండు, పానం పెట్టి చూసిండు. లారీల బ్రేకు ఏది?"

"నడిమిది," అన్నాడు అమీను.

"ఈ బండిల నడిమిది వేగం పెంచేది. బ్రేకు కుడిదిక్కు."

దత్తాత్రి గీసిన బొమ్మ మీద సుధాకర్ వేలు పెట్టాడు.

"ఇంజను నడుస్తనే ఉన్నది. గేరేసి క్లచ్చి వదలంగనే బండి మెల్లగ నిమ్మకాయలు దాటింది. ఇగ ఆపాలని నడిమి పెడలు తొక్కిండు. ఎంత గట్టిగ తొక్కితే అంత ఎగిరింది. కుడి పెడలు బొట్టు చూడండి, చెక్కుచెదరలేదు. అసలు బ్రేకు జోలికే పోలేదు. ఎల్లయ్యకైతే గా పొరపాటు రాదు. వాని ఒంటి మీది నెత్తురు కిష్టయ్యను లేపబోతె అంటింది. గీ గీరలు చూసిన్రా? ఉత్త కాళ్లు ఇనుమును గీరవు. నాడాల బూట్లు గీరుతయి. రామేశ్వర్ గారూ, ఒక బూటు విప్పుతరా?"

బూటు అడుగున పసుపు, నాడాల సందుల్లో కుంకుమ. రామేశ్వర్ అక్కడే కూలబడ్డాడు.

"వదినే, అన్న పోయినంక దసరాకు నిమ్మకాయలు తొక్కిచ్చుడు ఇంటి మొగోడి పని గద అనుకున్న. నాలుగడుగులే గద అనుకున్న. కిష్టయ్య నెత్తురు చూసి భయమైంది. ఉరికిన."

"నన్నొక్క మాట అడగకపోతివి చిన్న సేటూ," అన్నాడు ఎల్లయ్య.

"డ్రైవరును అడుగుడెట్ల?"

ఆ మాటకు రాధాబాయి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమీను సైగ చేశాడు. జవాన్లు ఎల్లయ్యను వదిలి రామేశ్వర్ పక్కకు చేరారు.

ఎల్లయ్య ఇక ఆ నలిగిన ఎర్ర ముక్కును నిమిరి కూర్చుంటాడనుకున్నాడు దత్తాత్రి. అతను కొండవ్వను వెంటబెట్టుకుని గేటు వైపు నడిచాడు.

"ఎల్లయ్యా, మరి బండి?" అంది రాధాబాయి.

"అది ఇనుమమ్మా," అన్నాడతను వెనక్కి చూడకుండానే. "కిష్టయ్య కాడ ఎవ్వలు లేరు."

వచ్చినప్పటి నుంచి ఆ కారును చూసి నోరు తెరిచిన దత్తాత్రి, ఇప్పుడు దవాఖాన దారి పట్టిన ఆ ఉత్త కాళ్ల మనిషిని చూస్తూ చేతులు జోడించాడు.