వేళ్ళు లేని ప్రిమ్‌రోజ్‌లు

ఆ మాట ఇంకెవరన్నా మేవిస్ ఒక పూట ఏడ్చి ఊరుకునేదేమో. అన్నది సొంత ఆడపడుచు! అత్తగారిని పూడ్చి వచ్చిన మధ్యాహ్నం, చాపెల్ హాల్లో జనమంతా టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా, థెల్మా హామ్ శాండ్‌విచ్ కొరుకుతూ తాపీగా అంది.

"మా అమ్మ పెదాలు ఎండిపోయి పగిలున్నాయి. ఆ ఇంట్లో ఆమెకి గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేకపోయింది."

పక్షవాతం వచ్చి మింగడమే మరిచిపోయిన ఆ గొంతులో ఏళ్ళ తరబడి చెంచాతో నీళ్ళు పోసిన మనిషి మేవిస్. సగం దిండు మీదికి కారిపోతే తుడిచి, మళ్ళీ పోసి... ఆ నీళ్ళు దిగాయో లేదోనని గొంతు వంకే చూస్తూ కూర్చుని... అలాంటి మనిషిని పట్టుకుని అనాల్సిన మాటేనా అది! భర్త క్లిఫర్డ్ అక్కడే ఉన్నాడు. చెల్లెలి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, ఇంకో శాండ్‌విచ్ తీసుకున్నాడు.

ఇంగ్లండులోని ఆ లాంకషైర్ ఊరు చిన్నది. మర్నాటి నుంచి రొట్టెల కొట్లో మేవిస్ అడుగుపెడితే చాలు, మాటలు ఆగిపోయేవి. తలుపు మూసుకోగానే మళ్ళీ మొదలయ్యేవి. ముసలామెను మాడ్చి చంపిన కోడలన్న పేరు ఆమెకు స్థిరపడిపోయింది. ఆ పేరు పోవాలి... పోవడమొక్కటే చాలదు, థెల్మా కూడా ఆ రుచి చూడాలి! రాత్రిళ్ళు దుప్పటి అంచు కొరుకుతూ మేవిస్ కోరుకున్నది ఇదొక్కటే.

శరదృతువు వచ్చింది. సమాధుల మీద వేసవి పూలు పీకేసి, చలికాలమంతా పూసే మొక్కలు నాటే రోజులు. అత్తగారు మంచాన పడకముందు, మామగారి సమాధి దగ్గర ఆ పని అత్తాకోడళ్ళే చేసేవాళ్ళు. ఇప్పుడు అత్తగారూ ఆయన పక్కకే చేరింది. కానీ, కన్నకూతురు బతికుండగా పైవాళ్ళు సమాధి ముట్టుకోవడమేమిటని థెల్మా ఊరంతా చెప్పుకొచ్చింది. ఒకరోజు ఒంటిచక్రం బండి తోసుకుంటూ నేరుగా మేవిస్ పెరట్లోకి వచ్చేసింది. బండిలో ప్రిమ్‌రోజ్, సైక్లమెన్ పూలమొక్కలు... అన్నీ నిండుగా విచ్చినవే, ఒక్క మొగ్గ లేదు. పొట్టిగా గుబురుగా ఉండి మొగ్గ మీదున్న మొక్కను ఏరుకోవాలని ఆ తల్లి ఎంత చెప్పేది! ఈ కూతురు ఎన్నడు విన్నది గనక?

"అమ్మ కుండీల్లో మట్టేదీ? అదీ నాదే," అంది థెల్మా.

మట్టి గోడవార కుప్పగా పోసి ఉంది. పారేయడానికే పోసింది మేవిస్. వేసవిలో ఆ కుండీల్లోని మొక్కలు ఉన్నట్టుండి వాలిపోతే తవ్వి చూసింది. గోధుమరంగు తల, కొడవలిలా వంగిన తెల్లటి ఒళ్ళు... వేళ్ళు తినే పురుగులు! ప్రిమ్‌రోజన్నా సైక్లమెనన్నా వాటికి ప్రాణం. చెబుదామని మేవిస్ నోరు తెరిచింది. హాల్లో వినబడ్డ ఆ మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

"ఆ మూలనుంది. అంతా తీసుకుపో."

తనకోసం మాత్రం కొత్త మట్టి తెచ్చుకుని, చిన్న చిన్న కుండీల్లో పసుపుపచ్చ పాన్సీలు వేసుకుంది. అత్తగారికి ఇష్టమైన రంగు అది. సాయంత్రం నీళ్ళు పోస్తే రాత్రి గడ్డకడతాయని పొద్దున్నే, అదీ మట్టి పొడిబారితేనే పోసేది. విత్తనం కడితే పూత ఆగిపోతుందని వాడిన పువ్వును వాడినట్టే గిల్లేసేది. గిల్లినప్పుడల్లా థెల్మా ముఖం కళ్ళముందు మెదిలేది. అందుకే కాస్త గట్టిగానే గిల్లేది.

ఆ ఏడు చలి అంతగా లేదు. పురుగులకు పండగే. క్రిస్మస్ ఉదయం ప్రార్థన ముగిశాక, ఆనవాయితీ ప్రకారం అందరూ హాలీ అనే ముళ్ళాకుల చెట్టు కొమ్మలతో అల్లిన చక్రాలు పట్టుకుని సమాధుల దగ్గరికి నడిచారు. అత్తగారి సమాధి మీద వాన పడదు, పైన ఏడాదంతా పచ్చగా ఉండే ముదురు యూ చెట్టు కొమ్మలు కప్పేశాయి. కింద రాతి తొట్టిలో, ఆ పాత మట్టిలోనే థెల్మా నాటిన మొక్కలన్నీ సొమ్మసిల్లి పడున్నాయి.

"అయ్యో, ఎవరూ నీళ్ళే పోయలేదా పాపం?" అంది రొట్టెల కొట్టు నడిపే మిసెస్ ఆగ్డెన్.

థెల్మా ముఖం ఎర్రబడింది. రోజూ పొద్దున్నే వచ్చి తనే పోస్తున్నానని ఒట్టేసింది. జనం ఒకరి వంక ఒకరు చూసుకున్నారు... ఆ చూపులు మేవిస్‌కు బాగా తెలుసు! థెల్మా ఒక ప్రిమ్‌రోజ్‌ను లేవనెత్తబోయింది. మొక్క ఊడి చేతికొచ్చింది. కింద ఒక్క వేరు లేదు.

మేవిస్ గుండె నిండిపోయింది. ఈ క్షణం కోసమే కదా బతికింది! ముందుకొచ్చి నెమ్మదిగా అంది.

"ఎంత పోసినా లోపలికి దిగకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు థెల్మా? చూసేవాళ్ళకి ఎండిన పెదాలే కనిపిస్తాయి."

థెల్మా ఆ మొక్కను తిప్పి, వేళ్ళుండాల్సిన చోట వేలితో తడిమింది.

"అమ్మకి... దిగేవి కాదా?"

"చెంచాడు పోస్తే అరచెంచా దిండు మీదికే."

థెల్మా కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. మట్టిలో కదులుతున్న తెల్లపురుగు అప్పుడు కనిపించిందామెకు. తలెత్తింది.

"నీకు ముందే తెలుసు."

"తెలుసు. నువ్వు బండికెత్తుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను."

అరుస్తుందనుకున్నారంతా. థెల్మా అరవలేదు. ముక్కు తుడుచుకుని మిసెస్ ఆగ్డెన్ వైపు తిరిగింది.

"ఆ రోజు హాల్లో నేనన్నది అబద్ధం. నేను నెలకోసారి కూడా రాలేదు. మా అమ్మకి ఆఖరి గుక్క దాకా నీళ్ళు పోసింది ఈవిడే."

మేవిస్ క్షమాపణ అడగలేదు, క్షమించాననీ అనలేదు. ఇంట్లో పండగకు వండిన టర్కీ కోడి చల్లారిపోతుందని సణుగుతున్న క్లిఫర్డ్‌ను ఇంటికి తరిమి పాన్సీలు తెప్పించింది. తొట్టిలో మట్టంతా ఎత్తిపోయించి, అతను తెచ్చిన కొత్త మట్టి నింపించింది. పురుగులను ఇద్దరూ కలిసి మడమలతో నలిపారు. మేవిస్ ఒక కుండీ థెల్మా చేతికిచ్చి, ముందు బోర్లించి వేళ్ళు చూడమంది. తెల్లగా, ఒత్తుగా అల్లుకుని ఉన్నాయి వేళ్ళు.

నాటడం అయ్యాక థెల్మా కుళాయి దగ్గర్నుంచి నీళ్ళు పట్టుకొచ్చి, అడగలేక అడగలేక అడిగింది.

"నేను పొయ్యనా?"

మేవిస్ కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

"పొయ్యి. నెమ్మదిగా పొయ్యి. దిగేదాకా ఆగి... మళ్ళీ పొయ్యి."