రెండో రెక్క

"ఏవండీ నిద్రముఖం గారూ! గీకమన్నది రంగుని, చెక్కని కాదు."

డ్రాయింగ్ టీచర్ అతనితో అన్న మొదటి మాట అది. ఊళ్ళోని పాత నాటకాల హాలును బాగుచేసుకోవడానికి ఆదివారాలు పదిమందీ చేరేవారు. రాత్రిళ్ళు కంటిమీద కునుకు లేక, పగలు ఆఫీసులో తూలుతున్న తమ్ముణ్ణి అక్కే బలవంతాన అక్కడికి తోసింది. అతనికీ టీచర్‌కీ కలిపి హాలు తలుపు అప్పగించారు. చెరో రెక్క.

"ఎవరినో ఒకరిని తిట్టకపోతే మీకు పొద్దుపోదా?"

"పోదు. మీకు నిద్రపట్టనట్టే."

అతను నవ్వేశాడు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద టేకు... గీకుతూ, కసురుకుంటూ, చినుకు పడితే ఒకే టార్పాలిన్ కింద దూరుతూ వానాకాలం గడిపేశారు. ఆమె ముక్కు మీద రంగుపొడి ఉందని చెప్పకుండా, సాయంత్రం దాకా దొంగచూపులు చూసిన రోజులూ ఉన్నాయి. ఇంటికెళ్ళి పడుకుంటే ఒళ్ళెరగని నిద్ర.

మనిషి తేరుకున్నాడు. ఆఫీసులో ప్రమోషన్ కూడా వచ్చింది. ఇక హాలుకి వెళ్ళడం మానేశాడు. ఏమైపోయారని టీచర్ ఫోన్ చేస్తే, "ఇప్పుడు బాగానే నిద్రపడుతోందండీ, ఇక అవసరం లేదు" అన్నాడు మహానుభావుడు!

"సంతోషం" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

చలికాలం పోయి మళ్ళీ మబ్బులు పట్టేసరికి తెలిసొచ్చింది అతనికి.

"నిద్ర బాగానే ఉందక్కా. ఆదివారం వస్తేనే ఏమీ తోచడం లేదు. తిట్టేవాళ్ళు లేరు."

"ఏరు దాటి తెప్ప తగలేశావు కదరా! వెళ్ళి ఆ పిల్ల కాళ్ళు పట్టుకో, ఫో."

వెళ్ళాడు. తలుపు రెండు రెక్కలూ తళతళలాడుతున్నాయి.

"నా రెక్క కూడా మీరే చేశారా?"

"వస్తారేమోనని ఒక్కో ఆదివారం అరచెయ్యంత మేరే గీకాను." ఆమె గొంతులో వెటకారం లేదు. "పోయిన వారం అయిపోయింది. ఇంటికెళ్ళి, అమ్మ చూసిన సంబంధానికి సరేనన్నాను."

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"తెలుసు. ఆ ముక్క ఫోన్లో అంటారేమోనని చూశాను."

గీకే రేకు అతని చేతిలో పెట్టింది.

"కిటికీలు మిగిలాయి. నిద్రపట్టినా సరే, మానకండి."

చినుకులు మొదలైనా ఆగకుండా గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

అతను కిటికీ ముందు కూర్చున్నాడు. కళ్ళు మసకబారి ఏదీ సరిగా ఆనలేదు. చాలాసేపటికి చూసుకుంటే చెక్కనే గీకుతున్నాడు. తిట్టేవాళ్ళు లేరు.