మనవాళ్ళ సీసా

“ఈ సీసాలో ఉన్నది మీది కాదు.”

నచ్చిన అమ్మాయితో నేను మాట్లాడిన మొదటి మాట అది. ల్యాబ్ టెక్నీషియన్ ప్రేమకథ ఇంతకంటే సువాసనగా ఎలా మొదలవుతుంది చెప్పండి?

ఆమెకు లూపస్. ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. ఎండ పడదు కాబట్టి మబ్బు పట్టినా గొడుగుతోనే వస్తుంది. మా ల్యాబ్‌లో అందరికీ ఆమె గొడుగమ్మాయి. ఆర్నెల్లుగా నెలనెలా వచ్చి రక్తం, యూరిన్ ఇచ్చి వెళుతోంది. నేను అద్దం వెనక నుంచి చూస్తున్నాను. నా మగతనం అంతవరకే.

“సీసా మీద నా పేరుంది కదండీ!” అంది కళ్ళెర్రజేసి.

“పేరు మీదే. లోపల షుగర్ దండిగా ఉంది. మీ రక్తంలో చూస్తే షుగర్ మామూలుగానే ఉంది.”

“స్వీట్లు తిన్నాను.”

“ఎన్ని, బకెట్టా?”

ఆమె మూతి ముడిచింది. నేను గొంతు తగ్గించాను.

“మీ రక్తంలో డీఎన్ఏ మీద దాడిచేసే యాంటీబాడీలు పోయిన నెలతో పోలిస్తే మూడింతలయ్యాయి. అవి అలా ఎగబాకితే కిడ్నీ మీద కన్నేశాయేమోనని అనుమానించాలి. అవునో కాదో తేలాలంటే ముందు మీ యూరిన్‌లో ప్రొటీన్ చూడాలి. మీరేమో ఎవరి షుగరో పట్టుకొచ్చారు!”

కోపమంతా ఎటు పోయిందో, బెంచీ మీద కూలబడింది.

“మా నాన్నది. ఇన్సూరెన్సుకి కావాలని చెప్పి పట్టించాను. పొద్దున నాది నురగలు నురగలుగా వచ్చింది. భయమేసింది. కిడ్నీ అంటే మళ్ళీ స్టెరాయిడ్లు పెంచుతారు. పోయినసారి నా మొహం ఎలా ఉబ్బిందో మీకేం తెలుసు?”

“తెలుసు, చూశాను. బుగ్గలు బాగానే ఉన్నాయి.”

“అబద్ధం.”

“రిపోర్టుల్లో నేను అబద్ధాలు రాయను. బుగ్గలు ఉబ్బితే మళ్ళీ తగ్గుతాయండీ. కిడ్నీ పాడైతే బాగుచేయడం అంత సులువు కాదు.” కొత్త సీసా చేతికిచ్చాను.

“మీకెందుకంత పట్టింపు?”

“డ్యూటీ” అన్నాను, పిరికి వెధవని.

మా ల్యాబ్‌లో ఒక పద్ధతుంది. సొంతవాళ్ళ శాంపిల్ మనం ముట్టకూడదు. మంచి అంకె రావాలని మనసు తొందరపెడుతుంది. సీనియర్ అక్క తన మొగుడి రక్తం కూడా నాకే ఇస్తుంది. ఆ రోజు గొడుగమ్మాయి సీసాలో, ప్రొటీన్ ఉంటే రంగు మారే స్ట్రిప్ నేనే ముంచాను. రంగు మారకూడదు, మారకూడదు అనుకున్నాను. మారింది.

బయాప్సీ చేశారు. కిడ్నీకి దెబ్బ తగిలింది కానీ తొలిదశలోనే దొరికింది. మందులు మొదలయ్యాయి. వాళ్ళ నాన్నకీ పరీక్ష చేస్తే షుగర్ బయటపడింది.

మందులు మొదలైన నాలుగో నెల, జోరువానలో తండ్రీకూతుళ్ళు ఒకే గొడుగు కింద వచ్చారు. ఆమె బుగ్గలు నిజంగానే ఉబ్బాయి. ప్రొటీన్ అప్పటికే సగానికి దిగింది, యాంటీబాడీలూ తోక ముడుస్తున్నాయి. ఇద్దరూ చెరో సీసా నా ముందు పెట్టారు. ఆమె సీసా తీసి పక్కనున్న అక్కకి ఇచ్చేశాను.

“ఏం, నాది మీరు చెయ్యరా? ఈ బుగ్గలు చూసి జడుసుకున్నారా?”

“ఇకమీదట చెయ్యను.”

“ఎందుకో?”

నేను వాళ్ళ నాన్న సీసా మీది లేబుల్ చదవడం మొదలుపెట్టాను. అక్క తల ఎత్తకుండానే అంది: “సొంతవాళ్ళవి మేం చెయ్యమమ్మా.”

ఆమె చెవులదాకా ఎర్రబడింది. ఇంక దాచి లాభం లేదు.

“మీరంటే నాకు చాలా ఇష్టం. మొదటి నెల నుంచీ” అన్నాను.

“నెలనెలా నా యూరిన్ చూస్తూ కూడానా?”

“చూస్తూనే.”

నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. “నాకూ” అంది మెల్లగా. “లేకపోతే ఇంత వానలో ఇంత దూరం వస్తానా? మా ఇంటి పక్కనే ఓ ల్యాబుంది.”

వాళ్ళ నాన్న గట్టిగా దగ్గారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నా ముందున్న తన సీసా తీసి అక్క వైపు జరిపారు.

“అయితే నాది కూడా మీరే చూడండమ్మా.”